సెలవులో మోగే ఫోను ఎవరి ఖాతాలో రాయాలి?

(నెల్లూరులో జరిగిన ఉద్యోగుల సమావేశంలో చేసిన ప్రసంగం)

సభకు నమస్కారం.

నేను ట్రెజరీలో పనిచేసి రిటైరైనవాణ్ణి. ఏ సంగతి విన్నా ముందు దాని ఖర్చు ఏ పద్దు కింద పడిందని చూడడం అలవాటైపోయింది. సెలవులో ఉన్నవారికి ఆఫీసు నుంచి వచ్చే ఫోన్ల గురించి మాట్లాడమన్నారు. దాన్నీ ఆ కళ్లతోనే చూస్తాను.

మా రోజుల్లో ఉదయగిరి వైపు పల్లెకు సెలవు మీద వెళ్లిన గుమాస్తాతో పని పడిందంటే టెలిగ్రాం ఇవ్వాలి, లేదా అటెండరు చేతికి చీటీ ఇచ్చి బస్సెక్కించాలి. టెలిగ్రాంకు మాటల లెక్కన డబ్బు. అటెండరు తిరిగొచ్చి బస్సు చార్జీకి, బత్తాకు బిల్లు పెడతాడు. దాని మీద అధికారి సంతకం చేయాలి. ఆ బిల్లు చివరికి మా బల్ల మీదికి వస్తుంది, మేం కొర్రీ వేస్తాం: అంత అవసరం ఏమొచ్చిందని. ఈ తలనొప్పంతా తలచుకుని, అధికారి బీరువా తాళం కోసం తానే ఇంకోసారి సొరుగులు వెతుక్కునేవాడు. తొంభై పాళ్లు అక్కడే దొరికేది.

2013 జులై 14తో మన దేశంలో టెలిగ్రాం ఆగిపోయింది. దాని కోసం కన్నీళ్లు పెట్టను. కానీ దానితో పాటు పిలిచేవాడు ఒక్క నిమిషం ఆలోచించే అలవాటు కూడా పోయింది. ఇప్పుడు పిలవడానికి పైసా ఖర్చు లేదు, సంతకం లేదు, కొర్రీ లేదు. ఖర్చు మాత్రం ఎక్కడికీ పోలేదు. పిలిచినవాడి ఖాతా నుంచి ఫోను ఎత్తినవాడి ఖాతాకు మారింది, అంతే. ఎత్తినవాడు దాన్ని ఏ బిల్లులోనూ రాయలేడు.

బారాషహీద్ దర్గా దగ్గర రొట్టెల పండుగ గురించి మీకు నేను చెప్పనక్కరలేదు, కోరిక ఉన్నవారు రొట్టె పుచ్చుకుంటారు, తీరినవారు ఇస్తారు. స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో ఒకాయన ఉద్యోగ రొట్టె పట్టుకుని నిలబడ్డాడు. కోరిక తీరింది, మొక్కు చెల్లించుకోవడానికి వచ్చాడు. చేతిలో రొట్టె, భుజానికీ చెవికీ మధ్య ఇరికించిన ఫోను. ‘సార్, మొదటిది పెద్ద అక్షరం... కాదు సార్, చివర సున్నా’ అని పాస్‌వర్డు చెబుతున్నాడు. ఎదురుగా చేయి చాచిన కుర్రవాడు ఓపికగా నిలుచున్నాడు, అతనికి కావలసింది ఆ ఉద్యోగమే మరి! చదువు రొట్టె ఉంది, పెళ్లి రొట్టె ఉంది, సంతాన రొట్టె ఉంది. సెలవు రొట్టె ఇంకా మొదలుకాలేదు.

అత్యవసరం అంటే ఏమిటో తెలియని జిల్లా కాదు మనది. 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు ఎవరూ సెలవు కాగితం పట్టుకుని కూర్చోలేదు. ముత్తుకూరు వైపు రొయ్యల గుంటల మీద బతికేవారిని అడగండి. తెల్లవారుజామున కరెంటు పోయి, జనరేటరు మొరాయించి, నీటికి గాలి పట్టించే ఏరియేటర్లు ఆగితే నీటిలో ఆక్సిజన్ పడిపోతుంది. రొయ్యలు పైకి తేలడం మొదలైతే గంటల్లో పంటంతా పోతుంది. ఆ వేళ టెక్నీషియన్‌కు ఫోను చేసిన రైతును ఎవరు తప్పుపడతారు? కానీ మన ఫోన్లలో రొయ్యలు తేలేవి ఎన్ని? ‘ఆ ఫైలు ఎక్కడ పెట్టారు?’, ‘గ్రూపులో పెట్టిన ఫార్మాట్ చూశారా?’, ‘సెలవులో ఉన్నారని తెలుసు, ఒక్క చిన్న విషయం’. ఆ ఒక్క చిన్న విషయం ఆదివారం మధ్యాహ్నం అన్నం పళ్లెం ముందు మొదలై, దీపాలు పెట్టే వేళకు గానీ తెమలదు.

ఆసుపత్రుల్లో నర్సులను చూడండి. షిఫ్టు మారేటప్పుడు మంచం మంచం దగ్గరా ఆగి, రోగి పరిస్థితి తర్వాతి మనిషికి చెప్పి, పుస్తకంలో రాసి వెళతారు. పని పుస్తకంలో ఉంటే మనిషిని వెంటాడనక్కరలేదు. మన ఆఫీసుల్లో పని మనిషి తలలో ఉంటుంది. సెలవు మంజూరు చేస్తారు, చార్జి మాత్రం ఎవరికీ అప్పగించరు. ఇందులో మనకూ ఒక ముచ్చట ఉంది. నేను లేకపోతే సెక్షన్ కదలదు అనిపించుకోవడం తియ్యగానే ఉంటుంది.

ఇక రూల్సు. ప్రభుత్వ ఉద్యోగుల సర్వీసుకు 1922 నుంచి ఉన్న ఫండమెంటల్ రూల్సులో 11వది, ఉద్యోగి పూర్తి సమయం జీతమిచ్చే ప్రభుత్వం చేతిలో ఉంటుందని, అదనపు వేతనం అడిగే హక్కు లేదని అంటుంది. దీన్ని అధికారులు కంఠతా చెబుతారు. అదే పుస్తకంలో 70వ రూలు ఎవరికీ గుర్తుండదు. సెలవు పూర్తి కాకుండా ఉద్యోగిని వెనక్కి పిలిస్తే, రావడం తప్పనిసరా, ఐచ్ఛికమా అన్నది ఆ ఉత్తర్వులోనే రాయాలి. తప్పనిసరి అయితే, దేశంలోనే ఉన్న ఉద్యోగి బయలుదేరిన రోజు నుంచే డ్యూటీలో ఉన్నట్టు లెక్క, ప్రయాణ భత్యం కూడా ఇవ్వాలి. తెల్లదొరల కాలం నాటి రూలు! పిలిచేవాడు తప్పనిసరో కాదో రాసివ్వాలి, ఖర్చు భరించాలి అన్న ఇంగితం వాళ్లకుంది. మనిషిని రప్పిస్తే ఇన్ని నియమాలు, మనిషి బుర్రను రప్పిస్తే ఒక్కటీ లేదు.

ప్రైవేటు దుకాణాల్లో, సంస్థల్లో పనిచేసే మిత్రులకు 1988 నాటి చట్టం ఉంది. వారానికి 48 గంటలు, ఒక సెలవు. ఫోను ఊసు అందులో లేదు. ఫ్రాన్స్ 2017 నుంచి 50 మందికి తక్కువ కాని సంస్థలు పని వేళల తర్వాతి ఫోన్లు, సందేశాలపై ఉద్యోగులతో చర్చించాలంది. ఆస్ట్రేలియాలో 2024 ఆగస్టు నుంచి, నిరాకరణ అసమంజసం కాకపోతే, పని వేళల తర్వాత వచ్చే ఫోనుకు జవాబివ్వకుండా ఉండవచ్చు. మన లోక్‌సభలో ఎంపీ సుప్రియా సూలే 2018లో ఇలాంటి ప్రైవేటు బిల్లు, అంటే మంత్రి కాని సభ్యులు పెట్టే బిల్లు, పెట్టారు. ప్రైవేటు బిల్లు చట్టమై 1970 తర్వాత ఒక్కటీ బయటికి రాలేదు. కనుక దాని కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. రాజ్యాంగం 43వ అధికరణ కార్మికులకు తీరికను పూర్తిగా అనుభవించే పరిస్థితులు ఉండాలంటుంది. ఆ మాట ఆదేశిక సూత్రాల్లో ఉంది, కోర్టుకెళ్లి అమలు చేయించుకోలేం.

నేను అడగమనేది చిన్నది. ఫోను చేయవద్దని కాదు. సెలవులో ఉన్నవారిని పిలిచే అధికారి ముందుగా ఒక సందేశంలో తప్పనిసరో ఐచ్ఛికమో రాయాలి. తప్పనిసరి అయితే ఆ పని రిజిస్టరులో ఎక్కాలి. పండుగ సెలవు నాడు ఆఫీసుకు రప్పించి పని చేయిస్తే బదులు సెలవు ఇచ్చే పద్ధతి మనకు ఉంది కదా, ఇంట్లో కూర్చుని చేసిన పూటకూ ఆ లెక్కే కట్టమనండి. తప్పనిసరి అన్న మాట తన పేరు కింద రాయాల్సి వస్తే సగం మంది సొరుగు ఇంకోసారి వెతుక్కుంటారు.

అధికారికి కోపం వస్తుందంటారు. ఒక్కరే అడిగితే వస్తుంది. అందుకే వినతిపత్రం సంఘం పేరుతో రాశాం, 70వ రూలు ప్రతి జతచేశాం. సంతకాలు ఒకదాని కింద ఒకటి కాకుండా గుండ్రంగా పెట్టండి, మొదటిది ఎవరిదో తెలియదు. కాగితం గుమ్మం పక్క బల్ల మీద ఉంది. ప్రశ్నలుంటే ఇప్పుడు అడగండి.