మత్తడి దుంకే జాగ

(సెప్టెంబర్ 15, ఇంజనీర్స్ డే రోజు ఒక ఇంజనీరింగ్ కాలేజీలో సివిల్ విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం)

అందరికీ నమస్కారం. ప్రిన్సిపాల్ గారికి, హెచ్‌వోడీ మేడమ్‌కి, వేదిక మీదున్న పెద్దలకి, వెనకాల నిలబడే ఉన్న లాస్ట్ బెంచీ తమ్ముళ్ళకి కూడా. కుర్చీలు ముందు ఖాళీ ఉన్నాయి, వచ్చి కూర్చోండి బిడ్డా, కొంచెం ఎక్కువసేపే మాట్లాడతాను.

నన్ను ఇందాక ఇంజనీర్ గారు అని పరిచయం చేశారు. నేను ఇంజనీర్ని కాదు. 34 ఏళ్ళు సర్వేయర్‌గా చేసి రిటైర్ అయ్యాను. గొలుసు, క్రాస్ స్టాఫ్‌తో మొదలుపెట్టి శాటిలైట్‌తో కొలిచే డీజీపీఎస్ దాకా చూశాను. "సర్వేలో కొత్త టెక్నాలజీలు" అని మాట్లాడమన్నారు, నాలుగు పేజీలు రాసుకొచ్చాను కూడా, ఇదిగో ఇక్కడే ఉంది. చదువుతాను, ముందు ఒక్క మాట విశ్వేశ్వరయ్య గారి గురించి చెప్పి.

ఆయన్ని హైదరాబాద్‌కి రప్పించింది ఒక వరద. 1908 సెప్టెంబర్ 28న మూసీ పొంగి ఊరిని ఊడ్చేసింది. ఇప్పటి ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టు ఎక్కి 150 మంది దాకా బతికారని మన పెద్దలు చెప్పుకుంటారు. తర్వాత ఏడాది ఆయన వచ్చి, ఊళ్ళో గోడలు కట్టడంతో సరిపెట్టలేదు, ఊరికి పైన ఏముందో చూశారు. మూసీ, ఈసీ పరివాహకంలో చిన్న చిన్న చెరువులు వందల్లో ఉన్నాయి, పైది తెగితే దాని నీళ్ళు కిందిదాని మీద పడి అదీ తెగి, అట్లా గొలుసులా తెగుతూ వచ్చాయి. అందుకే పైన ఆపాలన్నారు. అట్లా వచ్చినవే 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్. నేల మీద ఇటుక పెట్టేముందు ఆ నేలకి పైనా కిందా ఏముందో చూడాలని ఆయన వందేళ్ళ కిందే చేసి చూపించారు.

ఈ నాలుగు పేజీలు పక్కన పెడుతున్నాను, మేడమ్ క్షమించాలి. డ్రోన్లు, లైడార్ గురించి మీ లెక్చరర్లు నాకంటే బాగా చెప్తారు. ఇవాళ మబ్బు పట్టింది కదా పొద్దున్నుంచి, మబ్బు పడితే నాకు ఒకటే గుర్తొస్తుంది, అది చెప్పకుండా ఇక్కణ్ణుంచి పోలేను.

మా చెల్లె 2009లో ఊరి బయట ఒక వెంచర్‌లో 200 గజాల ప్లాట్ కొనుక్కుంది. ఆ వెంచర్ పేరు చెప్పను, చెరువు పేరు కూడా చెప్పను. చెల్లె ఇంటాయన ప్రైవేట్ కంపెనీలో చిన్న ఉద్యోగం, పీఎఫ్ తీసి, బంగారం పెట్టి, చిట్టీ ఎత్తి డబ్బు పోగేశారు. "అన్నా నువ్వు సర్వేయర్‌వి, ఒకసారి చూసి చెప్పు" అంది. చూశాను. ఈసీ, అంటే భూమి మీద అప్పులూ అమ్మకాలూ చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్, 30 ఏళ్ళది తీశాను, క్లియర్. లింక్ డాక్యుమెంట్లు పక్కా. 1954-55 నాటి పాత భూమి రికార్డు, ఖాస్రా పహాణీ దగ్గర్నుంచి తిరగేశాను, పట్టా భూమి, ఖుష్కి అంటే మెట్ట అని ఉంది, శిఖం అంటే చెరువు లోపలి భూమి, అది కాదు. చెరువు నీళ్ళు నిండినా అక్కడిదాకా రావు, ఎందుకంటే అది చెరువు లోపల లేదు, కట్టకి అవతల ఉంది. కొనుక్కోండి అన్నాను.

నేను వెళ్ళిన రోజు అక్కడ మేకలు తోలుకుంటూ ఒక ముసలాయన ఉన్నాడు. ఆ ఊరి నీరటి, తూము ఎత్తడం దించడం ఆయన ఇంటివాళ్ళ పని తాతల కాలం నుంచి. చెట్టు కింద కూర్చుని నన్నే చూస్తున్నాడు. "సారూ, గీడ ఇల్లు గడ్తరా? ఇది మత్తడి దుంకే జాగ సారూ. ఆనలు మంచిగ వడ్డ ఏడు గీడికెళ్ళే నీళ్ళు వోతయ్" అన్నాడు. మత్తడి అంటే అలుగు, చెరువు నిండాక ఎక్కువైన నీళ్ళు బయటికి దుంకే చోటు. అప్పటికి ఆ చెరువు నిండి ఎన్నేళ్ళయిందో. రోడ్డు కింద పైపు వేశారు కదా తాతా అన్నాను. ఆయన ఇంకేం అనలేదు, మేకల వెంట వెళ్ళిపోయాడు.

2020 అక్టోబర్ 13 రాత్రి మీలో చాలామందికి గుర్తుంటుంది, మీరప్పుడు స్కూల్లో ఉండుంటారు. ఘట్‌కేసర్ వైపు ఒక్క రోజులో 30 సెంటీమీటర్లు దాటి పడింది. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగి బెంగళూరు హైవే మీద కార్లు కొట్టుకుపోయాయి. నాలుగు రోజులకి బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగింది. ఇవన్నీ టీవీలో వచ్చాయి. మా చెల్లె వాళ్ళ చెరువు టీవీలో రాలేదు, ఎందుకంటే అది తెగలేదు. కట్ట గట్టిగానే ఉంది, చెరువు నిండింది, మత్తడి దుంకింది. మత్తడి దుంకడం తప్పు కాదు, మత్తడి కట్టిందే అందుకు. నిండిన నీళ్ళు దుంకి వాగులో పడి కింది చెరువుకి పోవాలి. ఆ వాగు ఉండాల్సిన చోట 30 అడుగుల సీసీ రోడ్డు ఉంది, ఆ రోడ్డు పక్కన మా చెల్లె ఇల్లు ఉంది.

లెక్క మీరే వేయండి, ఇంజనీర్లు కాబోతున్నారు. నేను తర్వాత వెళ్ళి ఊరి నక్షా తీసి చూస్తే ఆ వాగు రెండు గీతలుగా స్పష్టంగా ఉంది. పైన మిగిలిన ముక్క దగ్గర కొలిస్తే 20 అడుగుల వెడల్పు, 5 అడుగుల లోతు. అంటే 100 చదరపు అడుగుల దారి. దాని బదులు వేసింది 3 అడుగుల పైపు, దాని నోరు వైశాల్యం ఎంత? ఏడు. వందకి ఏడు. ఆ ఏడులో కూడా సగం మట్టి, ప్లాస్టిక్ కవర్లు. మిగిలిన తొంభై మూడు ఎక్కడికి పోతాయి? ఇళ్ళల్లోకి పోయాయి.

మూడో రోజు గానీ నేను ఆ ఇంట్లోకి అడుగు పెట్టలేకపోయాను. బియ్యం డ్రమ్ము బోర్లా పడి ఉంది, నానిన బియ్యం వాసన తలుచుకుంటే ఇప్పటికీ కడుపులో తిప్పుతుంది. దేవుడి గూడు దాకా బురద. నా మేనకోడలు వంటింటి గట్టు మీద కూర్చుని టెన్త్ మెమోని పేపర్ల మధ్య పెట్టి ఇస్త్రీ పెట్టెతో ఆరబెడుతోంది. కరెంటు లేదు, పక్క వీధిలో బొగ్గుల ఇస్త్రీ పెట్టె అడిగి తెచ్చుకుంది. గోడ మీద నీళ్ళ గీత ఉంది. 34 ఏళ్ళ అలవాటు, చెయ్యి ఆగలేదు, జేబులోంచి టేపు తీసి కొలిచాను. 5 అడుగుల 2 అంగుళాలు. మా చెల్లె ఎత్తు అంతే. ఆమె చీపురు పట్టుకుని నిలబడి నేను కొలవడం చూసి "నువ్వు చూసినవ్ గదన్నా" అంది. అంతే, ఇంకో మాట లేదు. తిట్టినా బాగుండేది.

నేను చూసింది ఏంటి మరి? భూమి ఎవరిదో చూశాను. అమ్మేవాడికి హక్కు ఉందా లేదా, అప్పు ఉందా లేదా, అన్నదమ్ముల సంతకాలు ఉన్నాయా లేవా. ఆ భూమి ఎలాంటిదో చూడలేదు. మనం ఎవరమూ చూడట్లేదు బిడ్డా. బ్యాంకు లీగల్ ఒపీనియన్ చదివి చూడండి, పదిహేను పేజీలు టైటిల్ గురించే ఉంటుంది, నీళ్ళు ఎటునుంచి ఎటు పోతాయని ఒక్క వాక్యం ఉండదు.

మా అబ్బాయి డాలస్‌లో ఇల్లు కొన్నాడు. అక్కడ లోన్ ఇచ్చేవాళ్ళే ఆ ఇల్లు ఫ్లడ్ జోన్‌లో ఉందా లేదా తేల్చాలంట, ఉంటే ఇన్సూరెన్స్ కట్టకుండా లోన్ రాదంట. కమర్షియల్ స్థలం అయితే అంతకుముందు ఆ నేల మీద ఏ ఫ్యాక్టరీ ఉంది, ఏం పాతిపెట్టారు అని పాత రికార్డులు, పాత ఫోటోలు తిరగేసి ఫేజ్ వన్ అని రిపోర్టు రాస్తారంట. వాళ్ళకి ఊరికే రాలేదు ఈ తెలివి. నయాగరా ఫాల్స్ ఊళ్ళో లవ్ కెనాల్ అని ఒక పాత కాలువ, 1942 నుంచి పదేళ్ళకి పైగా ఒక కెమికల్ కంపెనీ అందులో దాదాపు 21 వేల టన్నుల వ్యర్థాలు పూడ్చి, మట్టి కప్పి 1953లో ఒక్క డాలర్‌కి స్కూల్ బోర్డుకి ఇచ్చేసింది. అక్కడ స్కూలు కట్టారు, చుట్టూ ఇళ్ళు వచ్చాయి. 1978కి నేలమాళిగల్లోకి విషం ఊరి, ఎమర్జెన్సీ పెట్టి జనాన్ని ఖాళీ చేయించారు. రెండేళ్ళకి, 1980లో, ఇలాంటి విషపు నేలల గురించి చట్టం వచ్చింది.

మనకి ఆ అవసరం లేదంటారా? పటాన్‌చెరు, బొల్లారం వైపు వెళ్ళి చూడండి, నక్కవాగు పక్కన పొలాల్లోకి వచ్చిన ఫ్యాక్టరీల కాలుష్యం కేసు 1990లోనే సుప్రీంకోర్టు దాకా పోయింది. ఆ చుట్టుపక్కల ఇప్పుడు అపార్ట్‌మెంట్లు. కొనేవాడు మాడ్యులర్ కిచెన్ చూస్తాడు, కార్ పార్కింగ్ చూస్తాడు, బోరు నీళ్ళు ల్యాబ్‌కి ఇచ్చి సీసం ఉందా, ఆర్సెనిక్ ఉందా అని చూసేవాణ్ణి నేను ఇంతవరకు చూడలేదు. లోతట్టు జాగ అయితే ఏం పోసి ఎత్తు చేశారో కూడా అడగరు. మొరం పోశారా, కూల్చిన బిల్డింగుల చెత్త పోశారా, దాని కింద ఇంకేం ఉందో. నాలుగు చోట్ల గుంత తీస్తే తెలిసిపోతుంది, ఒక్క పూట పని.

చట్టం లేదా అంటే ఉంది. 2012లో వచ్చిన జీవో 168లో రాసే ఉంది: 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువుకి ఎఫ్‌టీఎల్ (చెరువు పూర్తిగా నిండినప్పటి నీటి మట్టం) హద్దు నుంచి 30 మీటర్లు, అంతకన్నా చిన్నదైతే 9 మీటర్లు, 10 మీటర్ల కంటే వెడల్పున్న వాగుకి, నాలాకి 9 మీటర్లు, చిన్నదానికి 2 మీటర్లు వదలాలి. కానీ వాగే మాయమైతే ఎక్కణ్ణుంచి కొలుస్తావు? పర్యావరణ అనుమతి 2006 నోటిఫికేషన్ ప్రకారం 20 వేల చదరపు మీటర్ల నిర్మాణానికి, 50 హెక్టార్ల టౌన్‌షిప్‌కి మొదలవుతుంది. 50 హెక్టార్లంటే 123 ఎకరాలు. మన చుట్టూ ఉన్న ప్లాట్ల వెంచర్లు ఎన్ని ఎకరాలు? ఐదు, ఎనిమిది, పన్నెండు. మధ్యతరగతి మొత్తం కొనేది వీటిల్లోనే, వీటినే ఎవరూ అడగరు.

ఎఫ్‌టీఎల్ గురించి కూడా చెప్పాలి, పేపర్లో రోజూ చదువుతారు, చెరువుల ఆక్రమణలు తొలగించే హైడ్రా 2024లో వచ్చాక ఇంకా ఎక్కువ. అది ఎవరో పెన్సిల్‌తో గీసిన గీత కాదు. మత్తడి అంచు మీద లెవెల్ పెట్టి, అదే ఎత్తు చెరువు చుట్టూ ఎక్కడెక్కడ తగులుతుందో పట్టుకుంటూ పోతే వచ్చేదే ఎఫ్‌టీఎల్. ఇప్పుడు చూడండి, రాత్రికి రాత్రి మత్తడిని రెండు అడుగులు పగలగొడితే ఏమవుతుంది? నీళ్ళు రెండు అడుగులు కిందే ఆగిపోతాయి, ఎకరాలకి ఎకరాలు ఎండిన నేల బయటపడుతుంది. ఐదేళ్ళు గడిస్తే "ఇక్కడ నీళ్ళెప్పుడు చూశాం" అంటారు. అందుకే మీరు ఎప్పుడైనా ఎఫ్‌టీఎల్ సర్వేకి వెళ్తే ముందు మత్తడి రాయి పాతదేనా, కొట్టేశారా చూడండి. 2025లో అంబర్‌పేటలో బతుకమ్మ కుంట తవ్వారు, చెత్త పోసి పూడ్చిన జాగ, కొద్దిగా తవ్వేసరికి నీళ్ళు ఊరాయి.

కాగితం అబద్ధం చెప్పినా నేల చెప్తుంది. ఎండాకాలం కూడా తుంగ మొలుస్తుందంటే అక్కడ తడి ఉన్నట్టు. చదునైన కాలనీ మధ్యలో ఒక ఎత్తు గట్టు, దాని మీద కట్ట మైసమ్మ గుడి ఉందంటే అది చెరువు కట్టే. అమ్మవారిని ఎవరూ ఊరికే అక్కడ పెట్టలేదు, కట్ట కాపాడమని పెట్టారు. ఆ గుడి దగ్గర నిలబడి నీళ్ళు ఏ వైపు ఆగేవి, ఏ వైపు దుంకేవి అని అడగండి, చెప్పే ముసలివాళ్ళు ఇంకా ఉన్నారు.

విజయవాడ వాళ్ళు ఉన్నారా ఇక్కడ? ఉన్నారు, చేతులెత్తారు. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు వాగు సింగ్ నగర్‌లోకి వచ్చినప్పుడు మీ వాళ్ళు ఎన్ని రోజులు మేడ మీద ఉన్నారో మీకు నేను చెప్పక్కర్లేదు. బుడమేరుకి అది కొత్త దారి కాదు బిడ్డా, 2005లోనూ వచ్చింది.

సరే, మీ ఇళ్ళల్లో ప్లాట్ ఉన్నవాళ్ళు చేతులెత్తండి. చూశారా మేడమ్, సగానికి పైనే. ఇవాళ ఇంటికెళ్ళి నాన్నని అడిగి డాక్యుమెంట్ తీయండి. షెడ్యూల్ పేజీలో సర్వే నంబర్ ఉంటుంది. ఆ ఊరి నక్షాలో ఆ నంబర్ వెతకండి, పక్క నంబర్లలో చెరువు ఉందా, వాగు గీత ఉందా చూడండి. హెచ్‌ఎండీఏ (హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ) పరిధి అయితే వాళ్ళ లేక్స్ వెబ్‌సైట్‌లో ఎఫ్‌టీఎల్ మ్యాపులు ఉన్నాయి. గూగుల్ ఎర్త్‌లో వెనక్కి జరుపుకుంటూ వెళ్ళి, ఎండాకాలం ఫోటోలు వదిలేసి, మంచి వానలు పడ్డ ఏడాది చివర్లో ఎలా ఉందో చూడండి. ఇప్పుడే ఇల్లు మొదలుపెట్టబోతున్న వాళ్ళెవరైనా ఉంటే, వాళ్ళు ముందు చూడండి, పునాది పడకముందు.

మా చెల్లె ఇప్పటికీ ఆ ఇంట్లోనే ఉంది. అమ్ముదామంటే "ఇంకోళ్ళని ముంచాల్నా" అంటుంది. ఆ నీరటి తాత చనిపోయాడు. నేను వరద తర్వాత ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను, అప్పటికే రెండేళ్ళయింది పోయి. ఆయన కొడుకు ప్లంబింగ్ పని చేస్తున్నాడు, తూము ఎక్కడుందో అతనికి తెలుసు, చూపించాడు.

ఎవరికైనా నిజంగా నేర్చుకోవాలని ఉంటే, వచ్చే ఆదివారం పొద్దున ఆరింటికి నేను ఆ మత్తడి దగ్గర ఉంటాను. మేడమ్‌కి లొకేషన్ పంపిస్తాను. మీ లెవెల్, స్టాఫ్ మీరు తెచ్చుకోండి, నక్షా నేను తెస్తాను. నీరటి తాత కొడుకుని కూడా రమ్మన్నాను. చెప్పులు కాదు, బూట్లు వేసుకుని రండి, వాగులో నడవాలి.