650 పదాల్లో ఎవరి గొంతు?

వ్యాఖ్యాత: నమస్కారం. అమెరికా కాలేజీలకు దరఖాస్తు చేసే పిల్లలున్న ఇళ్లలో ఆగస్టు వచ్చిందంటే అందరూ కాస్త మెల్లగా మాట్లాడతారు. ఒకే దరఖాస్తును చాలా కాలేజీలకు పంపుకునే వెబ్‌సైటు కామన్ యాప్, ఆగస్టు 1న కొత్త ఏడాదికి తెరుచుకుంటుంది. మార్కుల సంగతి అప్పటికే చాలావరకు తేలిపోయి ఉంటుంది, ఇక మిగిలేది తమ గురించి తాము 650 పదాల్లోపు రాసుకునే వ్యాసం. ఎన్నో ఏళ్లుగా ఆ వ్యాసాలు చదివి అభిప్రాయం చెబుతున్న టీచరు ఈ రోజు మనతో ఉన్నారు. మీరు ఒప్పుకుంటే, మీరు చేసిన తప్పుతోనే మొదలుపెడదామండీ.

అతిథి: మర్యాద బాగుంది! సరే. తొలి రోజుల్లో ఒక అబ్బాయి డ్రాఫ్టు తెచ్చాడు. మూడో పేరా నీరసంగా ఉంది. నాకు చేయి ఊరుకోలేదు, మొత్తం తిరగరాసి ఇచ్చాను. వారం తర్వాత పైకి చదివి వినిపించమంటే, సరిగ్గా ఆ పేరాలోనే ఆగిపోయాడు. "టీచర్, ఈ మాటకు అర్థం ఏమిటి?" అన్నాడు. నేను పెట్టిన మాట అది. తన గురించి తాను చెప్పుకునే కాగితంలో తనకే అర్థం తెలియని మాట!

వ్యాఖ్యాత: అయ్యో. అప్పుడేం చేశారు?

అతిథి: నా పేరా కొట్టేసి, వాడి నీరసం పేరానే తిరిగి పెట్టించాను. అప్పటి నుంచి పిల్లల కాగితం మీద వాక్యాలు రాయడం మానేశాను. ప్రశ్నలు రాస్తాను, అంతే.

వ్యాఖ్యాత: ఎలాంటి ప్రశ్నలు? ఒకటి చెప్పండి.

అతిథి: ఒక అమ్మాయి పబ్లిక్ లైబ్రరీలో స్వచ్ఛందంగా పనిచేసింది. వ్యాసం మొదటి వాక్యాన్ని తెలుగులో చెప్పాలంటే, "చిన్నప్పటి నుంచీ సేవ చేయడమంటే నాకెంతో ఇష్టం." ఇదే వాక్యాన్ని ఒకే సాయంత్రం నాలుగు కాగితాల్లో చదివిన రోజులున్నాయండీ నాకు. ఆ తర్వాత ఎన్ని గంటలు పనిచేసిందో, ఏమేమి నేర్చుకుందో వరసగా రాసింది. ఆ లెక్కలకు దరఖాస్తులో వేరే చోటుంది, పది కార్యకలాపాల దాకా అక్కడ రాసుకోవచ్చు. నాలుగో పేరాలో మాత్రం ఒక వాక్యం తగిలింది. ఎవరో పాఠకుడు ఒక చదరంగం పుస్తకాన్ని ప్రతి వారం వంటల పుస్తకాల వెనక దాచి వెళ్తాడట, ఇంకెవరూ తీసుకుపోకుండా. ఈ అమ్మాయి చూసి కూడా దాన్ని అక్కడే ఉంచేసేదట. మరుసటి వాక్యంలో మళ్లీ నాయకత్వ లక్షణాలు! నేను ఆ దాచిన పుస్తకం పక్కన పెన్సిల్‌తో "ఎందుకు తీయలేదు?" అని రాశాను.

వ్యాఖ్యాత: అంతేనా?

అతిథి: అంతే. పుస్తకాలను వాటి చోట్లో సర్దడమే ఆ పిల్ల పని. ఇంట్లో పెన్సిళ్లను కూడా రంగుల వరసలో పెట్టుకునే మనిషి. అలాంటిది వారం వారం ఒక తప్పును కాపాడుతూ వచ్చింది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయింది. రెండు వారాలు కనిపించలేదు. తర్వాత తెచ్చిన డ్రాఫ్టు ఆ వంటల పుస్తకాల అరతోనే మొదలైంది. సేవ అన్న మాట ఎక్కడా లేదు.

వ్యాఖ్యాత: ఇంట్లో అమ్మానాన్నలు చదివేటప్పుడు కూడా ఇలాగే చేయాలంటారా?

అతిథి: మొదటిసారి చదివేటప్పుడు చేతిలో కలం ఉండకూడదు. చదివి, కాగితం బోర్లా పెట్టి, ఏం గుర్తుందో పిల్లలకు చెప్పండి. గుర్తున్నది పతకం కాకుండా వంటల అర అయితే, వ్యాసం ఎక్కడుందో వాళ్లకే తెలుస్తుంది. కామాలు, స్పెల్లింగులు ఆఖరి రోజు పని. ఇంకో సంగతి, ఆరుగురికి చూపించకండి. ఒకరు హాస్యం తీసేయమంటారు, ఇంకొకరు కాస్త బరువు పెంచమంటారు, చివరికి అది ఎవరిదీ కాకుండా పోతుంది. ఇద్దరు చాలు.

వ్యాఖ్యాత: ప్రవాసుల పిల్లలు తరచుగా రాసే కథ ఒకటుంది కదా, స్కూల్లో లంచ్ బాక్స్ తెరిస్తే...

అతిథి: పక్కవాళ్లు ముక్కు మూసుకున్నారు, నేను సిగ్గుపడ్డాను, తర్వాత నా సంస్కృతిని ప్రేమించాను! రాయవద్దని అనను, అది నిజంగా జరిగి ఉండవచ్చు. కానీ డబ్బాలో ఏముందో, పక్కన ఎవరు కూర్చున్నారో, ఇంటికి వెళ్లి అమ్మతో ఏ అబద్ధం చెప్పాడో అడుగుతాను. అబద్ధం బయటికి వచ్చిందంటే ఆ కథ ఇక ఆ పిల్లవాడిదే.

వ్యాఖ్యాత: మరి ఒక్కో కాలేజీ విడిగా అడిగే వ్యాసాలు?

అతిథి: "మా కాలేజీయే ఎందుకు" అని అడిగితే ఒక చిన్న పరీక్ష ఉంది. కాలేజీ పేరు కొట్టేసి ఇంకో పేరు పెట్టి చదవండి. వ్యాసం చెక్కుచెదరకపోతే మళ్లీ రాయాల్సిందే. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వాళ్లది వేరే దారి, ఎనిమిది ప్రశ్నల్లో నాలుగింటికి, ఒక్కోదానికి 350 పదాలకు మించకుండా జవాబు రాయాలి. అక్కడ కథ అల్లుతూ కూర్చుంటే చోటు చాలదు, సూటిగా చెప్పేయాలి.

వ్యాఖ్యాత: ఇప్పుడు కృత్రిమ మేధతో రాయించుకునే పిల్లలు కూడా ఉన్నారు.

అతిథి: అది రాసిన దాన్ని సొంతమని పంపితే కామన్ యాప్ నిబంధనల ప్రకారం మోసమే. నిబంధన సంగతి అటుంచండి, నేను మూడో పేరాలో చేసిన పనే అదీ చేస్తుంది, నాకంటే వేగంగా. అయితే దాన్ని ఆపి "టీచర్, ఈ మాటకు అర్థం ఏమిటి?" అని అడిగేవాళ్లు ఉండరు.

వ్యాఖ్యాత: ఆ లైబ్రరీ అమ్మాయి వ్యాసం చివరికి ఏమైంది?

అతిథి: 650 పదాలు దాటితే దరఖాస్తులో వ్యాసం పెట్టే గడి తీసుకోదు, ఆమెది 690 దాకా వచ్చింది. కూర్చుని ఇద్దరం కోసుకుంటూ వచ్చాం. చివరి వాక్యం అనవసరమని నాకు అనిపించింది. తాను చదరంగం నేర్చుకోలేదని, నేర్చుకునే ఉద్దేశం కూడా లేదని రాసింది. తీసేయమని మూడుసార్లు అడిగాను. మూడుసార్లూ కుదరదంది. దాని బదులు, నేను ఎంతో మెచ్చుకున్న రంగు పెన్సిళ్ల పేరా మొత్తం కొట్టేసి పంపించేసింది.