తూకానికి రాని చేపలు

అందరికీ నమస్కారం. చేపల జీవశాస్త్రం గురించి నాలుగు మాటలు చెప్పమని మీ లెక్చరర్ గారు పిలిచారు. నేను చేసిన తప్పు ఒకటి చెబుతాను. జీవశాస్త్రం అందులోనే వచ్చేస్తుంది.

చెంచులంటే మనకు తేనె, విల్లంబులే గుర్తొస్తాయి. శ్రీశైలం జలాశయం ఒడ్డున చేపలు పట్టుకుని బతికే చెంచు కుటుంబాలూ ఉన్నాయి. 2022లో జిల్లా విడిపోయి శ్రీశైలం నంద్యాలకు పోయింది గానీ, నా వయసువాళ్ల నోట్లో అదింకా కర్నూలే. వాళ్లు పట్టే చేపల లెక్క రాయడం నా పని. ఏ రకం, ఎంత పొడవు, కడుపులో గుడ్లున్నాయా, ఎన్ని వలలు వేస్తే ఎన్ని కిలోలు వచ్చాయి, ఇవన్నీ రాస్తాం. పొలుసు మీది వలయాలను బట్టి వయసు అంచనా వేస్తాం.

రెండేళ్లు రేవులో వ్యాపారి కాటా పక్కనే కూర్చున్నాను. బొచ్చె, రోహు, వాలుగ, జెల్ల... పట్టికలు ముచ్చటగా వచ్చాయి. ఒకరోజు పుట్టి, అంటే గుండ్రటి తెప్ప, దిగిన ఒకామె నా పుస్తకం వైపు చూసి, "కాటా ఎక్కిందే రాస్తావు. మేం తినేది ఎవరు రాస్తారు సారూ?" అంది.

నిజమే. వ్యాపారి తీసుకోని చిట్టి పరిగెలు ఇంటికే పోతాయి. కొన్ని కూరకు, కొన్ని ఎండబెట్టడానికి. నా లెక్కలో అవి లేవు. అయితే ఏమైంది అంటారా? 2006 అటవీ హక్కుల చట్టంలో సామూహిక హక్కుల కింద చేపల మాట కూడా ఉంది. రేపు ఎవరైనా నా పట్టిక చూపించి "వీళ్లు పట్టేదే ఇంత, వీళ్లకు హక్కెందుకు?" అంటే, దాని కింద ఉండేది నా సంతకమే. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

అంకెలు ఇంకోలా కూడా మోసం చేస్తాయి. నీళ్లు తగ్గి, జలాశయంలో మునిగి ఉండే సంగమేశ్వరం గుడి బయటపడే రోజుల్లో వల వేస్తే చాలు, బరువుగా వస్తుంది. చేపలు పెరిగాయని రాసేస్తే పప్పులో కాలేసినట్టే. పెరిగింది చేపలు కాదు, తగ్గింది నీళ్లు. ఉన్న చేపలన్నీ మడుగుల్లోకి చేరతాయి. పుట్టి నడిపేవాళ్లకు ఇది తెలుసు. నేను మాత్రం కంప్యూటర్‌లో గ్రాఫ్ గీసుకుని తెలుసుకున్నాను.

ఇక అలివి వల. దోమతెరలాంటి సన్నకన్ను. జలాశయంలో వదిలిన వేలెడు చేపపిల్లల్ని కూడా ఊడ్చేస్తుంది. బొచ్చె, రోహు నిలవ నీటిలో గుడ్లు పెట్టవు, వాటికి పారే వరద నీరు కావాలి. అందుకే పిల్లల్ని తెచ్చి వదులుతాం. 1957లో ఒడిశాలో హీరాలాల్ చౌధురి అనే శాస్త్రవేత్త పిట్యూటరీ గ్రంథి రసం ఇంజెక్షన్‌తో ఈ జాతి చేపల చేత గుడ్లు పెట్టించబట్టే ఇన్ని పిల్లలు దొరుకుతున్నాయి. ఆ పిల్లలు పెద్దవి కాకముందే అలివిలో పడితే ఇంకేం మిగులుతుంది? ఆ వల కొనే డబ్బు చెంచుల దగ్గర ఉండదు. పెట్టుబడి వేరేవాళ్లది, చెడ్డపేరు మాత్రం ఒడ్డున ఉన్నవాళ్లందరిదీ.

అమెరికాలో వాషింగ్టన్ రాష్ట్రపు ఆదివాసులు సాల్మన్ చేపల కోసం ఏళ్లతరబడి కొట్లాడారు. బిల్లీ ఫ్రాంక్ జూనియర్ అనే ఆయన 50 సార్లకు పైగా అరెస్టయ్యాడు. 1850లలో చేసుకున్న ఒప్పందాల్లో "అందరితో కలిసి" పట్టుకోవచ్చని ఉంది. దానికి అర్థం సగం వాటా అని 1974లో జడ్జి బోల్ట్ తీర్పు చెప్పాడు. సగం ఇవ్వాలంటే మొత్తం ఎంతో తేలాలి కదా! అప్పటి నుంచి తెగలు తమ సొంత బయాలజిస్టులను పెట్టుకుని, ప్రభుత్వంతో పాటు తామూ లెక్క కడుతున్నాయి. నాకు నచ్చింది తీర్పు కన్నా ఈ సంగతే.

మేమూ చిన్నగా మొదలుపెట్టాం. ఇప్పుడు పెంటలో, అంటే చెంచుల గూడెంలో, బడికెళ్లే ఒక పిల్ల నోటుబుక్కులో రోజూ రాస్తుంది. కాటాకు ఎన్ని, కూరకు ఎన్ని, ఎండబెట్టినవి ఎన్ని. అసలు పుస్తకం పెంటలోనే ఉంటుంది, నా దగ్గర నకలు మాత్రమే. పోయిన నెల ఆ పిల్ల నా నకలు తిప్పి చూసి రెండు తప్పులు దిద్దింది.