కడగడంతో మొదలుపెట్టండి

శ్రోతలకు నమస్కారం.

వానలు వెనకబట్టాయి. హైదరాబాదులో తలుపులకు, కిటికీలకు రంగులు వేయించుకునే రోజులివి.

మాది చిక్కడపల్లిలో నలభై ఏళ్ల నాటి ఇల్లు. ముందటేడు దసరాకి పెయింటర్ వచ్చి పాత పూత మీదే ఎనామిల్ కొట్టి రెండు రోజుల్లో పని తేల్చేశాడు. సంక్రాంతి నాటికి గొళ్లెం చుట్టూ రంగు లేచిపోయింది. గోటితో గీకితే ఉల్లిపొరలా ఊడి వచ్చింది. కింద చూస్తే జిడ్డు! ఏళ్ల తరబడి చేతులు పడిన జిడ్డు, గడపకు రాసిన నూనె, పసుపు. దాని మీద ఎంత ఖరీదైన రంగయినా నిలవదు.

అందుకని నిరుడు మేమే పూనుకున్నాం. మొదటి రోజంతా కడగడమే. గోరువెచ్చని నీళ్లలో గుప్పెడు బట్టల సోడా వేసి, చేతులకు తొడుగులు వేసుకుని పీచుతో రుద్దాం. తర్వాత మంచినీళ్లతో రెండుసార్లు తుడిచి బాగా ఆరనిచ్చాం.

ఇక గరుకు కాగితం పట్టాలి. ఈ మాట మాత్రం శ్రద్ధగా వినండి. మన గడపలకు వేసే పసుపు ఎనామిల్‌కు ఆ నిగారింపు ఒకప్పుడు చాలావరకు లెడ్ క్రోమేట్ వల్ల వచ్చేది. అంటే సీసం. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లకు 90 పాళ్లు మించకూడదని 2016లో నిబంధనలు తెచ్చారు, 2017 నవంబరు నుంచి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు వేసిన పూతలో ఎంత ఉందో కంటికి తెలియదు. పొడిగా రుద్దితే ఆ దుమ్ము నేల మీద పడుతుంది, పాకే పిల్లల చేతులకు అంటుకుని నోట్లోకి పోతుంది. సీసం పసివాళ్ల మెదడుకు చేసే చెరుపును తర్వాత సరిదిద్దలేం. అందుకే వాటర్ పేపర్ తెచ్చి, తడి చేస్తూ రుద్దండి. చీపురు పట్టకుండా తడిబట్టతో ఎత్తేయండి. పాత రంగును మంట పెట్టి కాల్చనివ్వకండి. ఆ పని జరిగినన్నాళ్లూ పిల్లల్నీ, కడుపుతో ఉన్నవాళ్లనీ ఆ గదుల్లోకి రానివ్వకండి.

పగుళ్లకు లప్పం, ఆ పైన వుడ్ ప్రైమర్, తర్వాత పల్చగా రెండు పూతలు. ఒక్కో పూతకీ మధ్య ఒక రాత్రి ఆగితే చాలు. రంగులో కిరసనాయిలు కలుపుతామంటే ఒప్పుకోకండి, ఆరదు, మెరుపూ చస్తుంది.

ఎవరూ పట్టించుకోని చోటు ఒకటుంది, తలుపు కింది అంచు. మేము బాత్రూం తలుపు బందుల నుంచి విప్పి, స్టూళ్ల మీద పడుకోబెట్టి చూస్తే ఆ అంచున చెక్క నల్లబడి, మెత్తబడి ఉంది. ఇల్లు కట్టినప్పటి నుంచీ దానికి చుక్క రంగు తగల్లేదు. తేమ దూరేది అక్కడే. వానాకాలం తలుపు ఉబ్బి పట్టేస్తే వడ్రంగిని పిలిచి చిత్రిక పట్టిస్తాం, ఎండాకాలానికి సందు తేలుతుంది. మేము ఆ మెత్తటి భాగం చెక్కేసి, ఆరబెట్టి, పై అంచుకీ కింది అంచుకీ ప్రైమర్, రెండు పూతల రంగు వేశాం.

గడప చివర్లో పూర్తిచేశాం. దాని మీద ఎర్రచుక్కలు మా అత్తయ్య పెట్టారు. ఈ వానాకాలమంతా బాత్రూం తలుపు భుజం పెట్టి నెట్టకుండానే మూసుకుంది.