మీ ర్యాంకుకు ఐఐటీలో సీటు వస్తుందా? క్లోజింగ్ ర్యాంకులు ఇలా చూడండి

నమస్కారం. ఐఐటీ, ఎన్ఐటీ సీట్లు కేటాయించే జోసా కౌన్సెలింగ్ మొదలైందంటే నన్ను అందరూ అడిగే ప్రశ్న ఒకటే. "సార్, మా అమ్మాయికి ఫలానా ర్యాంకు వచ్చింది, సీటు వస్తుందా?" ఆ ఒక్క అంకెతో ఎవరూ జవాబు చెప్పలేరు. అలా చెప్పేవాళ్లను, "తొంభై శాతం అవకాశం" అని చూపించే యాప్‌లను నమ్మకండి.

ఐఐటీల ప్రవేశ పరీక్ష జేఈఈ అడ్వాన్స్‌డ్‌లో అర్హత వచ్చినంత మాత్రాన సీటు వచ్చినట్టు కాదు. 2024లో అర్హత సాధించినవారు 48,248 మంది. ఆ ఏడాది ఐఐటీలన్నీ కలిపితే ఉన్న సీట్లు 17,740.

మరి దేన్ని బట్టి అంచనా వేయాలి? ఏ కోర్సులో ఏ ర్యాంకు దగ్గర సీట్లు అయిపోయాయో, అంటే క్లోజింగ్ ర్యాంకు ఎంతో, జోసా వెబ్‌సైటులోనే ఉంటుంది. మొదటి రౌండు అంకెలు చూసి గుండె జారిపోవద్దు, చివరి రౌండువి చూడండి. కనీసం మూడేళ్లవి పక్కపక్కన పెట్టండి. ఐఐటీ బొంబాయి కంప్యూటర్ సైన్స్ ఓపెన్ కేటగిరీలో, అమ్మాయిలకు విడిగా ఉంచిన సీట్లు పక్కన పెడితే, కొన్నేళ్లుగా 60ల్లోనే ముగుస్తోంది, అక్కడ ఆశకు చోటు తక్కువ. కొత్త ఐఐటీల్లో సివిల్ వంటి బ్రాంచీలు ఏడాదికీ ఏడాదికీ వందల ర్యాంకులు మారతాయి. కొంచెం దూరంలో ఉన్నా ఆప్షన్ పెట్టాల్సింది అక్కడే.

చాలామంది పొరబడేది కేటగిరీ దగ్గర. ఓబీసీ, ఈడబ్ల్యూఎస్, ఎస్సీ, ఎస్టీ వరుసల్లో కనిపించేవి ఆ కేటగిరీ ర్యాంకులు. వాటిని అందరికీ కలిపి ఇచ్చే కామన్ ర్యాంకుతో పోల్చుకుని, రావలసిన సీటును రాదనుకునే కుటుంబాలు ఉన్నాయి. రాష్ట్రంలో బీసీ అయినంత మాత్రాన కేంద్రంలో ఓబీసీ కాకపోవచ్చు, కేంద్ర జాబితాలో మీ కులం ఉందో లేదో ముందే చూసుకోండి.

ఎన్ఐటీలకు జేఈఈ మెయిన్ ర్యాంకు, ఐఐటీలకు అడ్వాన్స్‌డ్ ర్యాంకు. ఐఐటీ హైదరాబాద్‌లో గానీ, తిరుపతిలో గానీ తెలుగువాళ్లకు ప్రత్యేక కోటా లేదు. ఎన్ఐటీల్లో మాత్రం సగం సీట్లు సొంత రాష్ట్రానివే. ఇక్కడ సొంత రాష్ట్రం అంటే ఇంటర్ పాసైన రాష్ట్రం. గుంటూరు పిల్ల హైదరాబాద్‌లో ఇంటర్ చదివితే వరంగల్ ఎన్ఐటీలో స్థానికురాలు, తాడేపల్లిగూడెంలో కాదు. ఇంటర్ కాలేజీ హాస్టల్లో చేర్పించే రోజున ఈ మాట ఎవరూ చెప్పరు. చెప్పాలి.

నన్ను నిజంగా బాధపెట్టేది ఆప్షన్ల వరుస. "పెద్దవి పైన పెడితే కింద ఉన్నవి పోతాయి" అనే భయంతో ఇష్టమైన కాలేజీని జాబితాలోనే పెట్టని పిల్లలు ఎందరో! అది అపోహ. కంప్యూటర్ మీ జాబితాను పైనుంచి కిందికి చూస్తుంది, పైది రాకపోతే తరువాతి దానికి వెళుతుంది. అక్కడ కూడా మీ ర్యాంకే చూస్తుంది తప్ప దాన్ని ఎన్నో ఆప్షన్‌గా పెట్టారన్నది చూడదు. అందని కోర్సులు పది పైన పెట్టినా పదకొండో దానిలో మీ అవకాశం రవ్వంత కూడా తగ్గదు.

సీటు వచ్చాక ఫ్లోట్ ఎంచుకుంటే దాన్ని చేతిలో ఉంచుకుని పై ఆప్షన్ల కోసం తరువాతి రౌండ్లు చూడవచ్చు. ఫీజు గడువు మాత్రం దాటనివ్వకండి. పై సీటు వచ్చిందంటే పాతది దానంతటదే పోతుంది, వెనక్కి రాదు. అందుకే పైన పెట్టే ప్రతి కోర్సూ కింద ఉన్నదానికంటే పిల్లలకు నిజంగా ఎక్కువ ఇష్టమైనదై ఉండాలి. జాబితా లాక్ చేసే ముందు ఒక్కో వరుసా వాళ్లనే అడిగి చూడండి.