టైరు ఏడుపు వినండి

నమస్కారమండీ. ఇవాళ కారు రేసుల వీడియో గేముల గురించి మాట్లాడతాను. నవ్వుకునేవాళ్లు నవ్వుకోండి, ఫరవాలేదు. నాకు యాభై దాటాయి, ఇరవై ఏళ్లుగా కారు నడుపుతున్నాను, అయినా మలుపు తిరిగేటప్పుడు బండి కింద ఏం జరుగుతుందో నాకు తెలిసింది మాత్రం పోయినేడాది మా మేనల్లుడి గదిలో, బల్లకి బిగించిన ప్లాస్టిక్ స్టీరింగు ముందు కూర్చున్నాకే.

రేసు గేములన్నీ ఒకటి కాదు. కొన్నింటిలో ఎంత స్పీడు మీదున్నా స్టీరింగు తిప్పితే చాలు, బండి తిరిగిపోతుంది. గ్రాన్ టురిస్మో, అసెట్టో కోర్సా లాంటివి అలా కాదు. బండి బరువు ఎటు వాలింది, ఏ టైరు మీద ఎంత భారం పడింది, ఇదంతా క్షణక్షణం లెక్క కట్టుకుంటూ పోతాయి. గ్రాన్ టురిస్మో మొదటిసారి 1997లో వచ్చినప్పుడే అందులో లైసెన్సు పరీక్షలు పెట్టారు, మన దగ్గర ఎనిమిది అంకె వేయించినట్టు. 2011లో ఆ గేము పోటీలో నెగ్గిన మార్డెన్‌బరో అనే బ్రిటన్ కుర్రాడు, 2013లో ఫ్రాన్సులో జరిగే లీమాన్ 24 గంటల రేసులో నిజం కారు తోలి, జట్టుతో కలిసి తమ తరగతి కార్లలో మూడో స్థానం సంపాదించాడు. అంతవరకు చెప్పి ఊరుకుంటాను. ఎందుకంటే నేను చెప్పాలని వచ్చింది ఒక్క మలుపు సంగతి. ఒక్కటే మలుపు.

కాలిఫోర్నియాలో మాంటెరే దగ్గర లగూనా సెకా అని ఒక ట్రాక్ ఉంది. అందులో ఒక మలుపుని కార్క్‌స్క్రూ అంటారు, సీసా బిరడా తీసే మెలికల చువ్వ ఉంటుంది చూడండి, ఆ పేరు. బండి గుట్ట ఎక్కుతూ పోతుంది, పైకి చేరేసరికి ఎదురుగా ఆకాశం తప్ప రోడ్డు కనబడదు. అక్కడ ఎడమకి తిప్పాలి. తిప్పీ తిప్పగానే రోడ్డు కిందకి పడిపోయి కుడికి మెలి తిరుగుతుంది. ఆ మెలిక మొదలుకీ చివరకీ మధ్య పల్లం 18 మీటర్లు, అంటే ఐదంతస్తుల మేడ దిగినట్టే.

నాకు మేనల్లుడు ఇచ్చింది మజ్డా ఎంఎక్స్-5, రెండు సీట్ల బుల్లి కారు. మొదటిసారి బ్రేకు ఆలస్యంగా తొక్కాను, తిన్నగా పోయి ఇసకలో కూలబడ్డాను. రెండోసారి ముందే తొక్కాను గానీ, బ్రేకు గట్టిగా తొక్కిపట్టే స్టీరింగు తిప్పాను. బండి తిరగదే! ఇంకా తిప్పాను, ఇంకా తిరగలేదు, ముక్కు దాని దారిన అది పోతూనే ఉంది. మూడోసారి, పోనీ అని, సరిగ్గా మలుపు దగ్గర బ్రేకు మీంచి కాలు ఠక్కున తీసేశాను. మళ్లీ ఇసకే. నాలుగోసారి ఎలాగో తిరిగింది, ఆ సంబరంలో యాక్సిలేటర్ నొక్కేసరికి బండి తోక ముందుకొచ్చి, నేను వచ్చిన దారినే చూస్తూ నిలబడ్డాను.

మావాడు మంచం మీద పడుకుని ఫోన్ చూసుకుంటున్నాడు. తల కూడా తిప్పకుండా, "మామయ్యా, టైరు అలా ఏడుస్తుంటే వినబడట్లేదా? ఇంకా తిప్పుతావేంటి?" అన్నాడు.

వాడు తెర చూడలేదండీ. విని చెప్పాడు.

టైరుకి ఉన్న పట్టు మన నెల జీతం లాంటిది. అంతా అద్దెకే పోస్తే బియ్యానికి మిగలదు. పట్టంతా బ్రేకుకే ఖర్చుపెడితే తిరగడానికి మిగలదు, అందుకే నా రెండోసారి బండి తిరగలేదు. వేగం పెరిగితే ఖర్చు ఇంకా గట్టిగా పెరుగుతుంది, 60 మీద తిరిగే మలుపుని 84 మీద తిరగాలంటే టైరుకి పని దాదాపు రెట్టింపు. ఇక మూడోసారి సంగతి. బ్రేకు తొక్కితే బండి ముందుకి వాలుతుంది కదా, ఆ బరువే ముందు టైర్లని నేలకి అదిమి పెట్టేది. నేను కాలు ఠక్కున తీసేశాను, ముక్కు లేచింది, దానికి తోడు కింద రోడ్డు కూడా పల్లంలోకి పోయింది, ముందు చక్రాలకి పట్టు ఎక్కణ్ణుంచి వస్తుంది?

మరి ఎలా? బండి తిన్నగా ఉన్నప్పుడే గట్టిగా బ్రేకు తొక్కాలి, స్టీరింగు తిరిగేకొద్దీ మెల్లగా, మెల్లగా వదలాలి. భుజం మీద నిద్రపోయిన పిల్లని మంచం మీదకి దించుతాం చూడండి, అలా. రేసువాళ్లు దీన్ని ట్రెయిల్ బ్రేకింగ్ అంటారు. పేరు మర్చిపోయినా ఫరవాలేదు, పిల్లని దించడం గుర్తుంటే చాలు.

నిజం కారులో బండి జారబోతుంటే మన నడుముకి ముందే తెలుస్తుంది. మేనల్లుడి గదిలో కుర్చీకి ఏం తెలుస్తుంది పాపం! మిగిలినవి చేతులూ చెవులూ. టైరు సన్నగా మూలుగుతుంటే మంచిదే, పట్టు చివరంచున ఉన్నట్టు. కీచుమని ఏడ్చిందా, జీతం అయిపోయింది. ముందు చక్రాలు జారితే చేతిలో స్టీరింగు కూడా ఒక్కసారిగా తేలికైపోతుంది. అప్పుడు తిప్పినదాన్ని కొంచెం వెనక్కివ్వాలి, మన చేతులేమో ఇంకా తిప్పమంటాయి. ఈ ఒక్క ముక్క నా చేతులకి ఎక్కడానికి రెండు ఆదివారాలు పట్టింది. ఇప్పుడు గుట్ట పైకి రాగానే ఎదుట ఒక చెట్టుని గురిపెట్టుకుంటాను, అక్కడ చాలామంది చేసే పనే అది, బ్రేకు దించుతాను, బండి తలవంచి లోపలికి వస్తుంది. మావాడి టైముకి మాత్రం ఇంకా చాలా దూరంలో ఉన్నాను, అది వేరే సంగతి.

మీ ఇంట్లో ఆడే పిల్లలుంటే ఒక్క పని చెయ్యమనండి. గేములో వచ్చే పాటలు ఆపెయ్యమనండి. రోడ్డు మీద దారి చూపించే రంగు గీత కూడా తీసేసి, పెద్ద పెద్ద కార్లు పక్కన పెట్టి, చిన్న కారుతో ఒకే మలుపుని ఇరవైసార్లు తిరగమనండి. వింటూ తిరగమనండి.

ఆ మధ్య అరకు ఘాట్ దిగుతున్నాం. నేను స్పీడేమీ పెంచలేదండోయ్, అక్కడ ఎదురుగా లారీలొస్తాయి, మళ్లీ మొదలుపెట్టే బటన్ ఉండదు. మారిందల్లా ఇదే, ప్రతి మలుపుకీ ముందే బ్రేకు తొక్కి, తిరుగుతూ మెల్లగా వదిలాను. మా ఆవిడకి ఘాట్ అంటే కడుపులో తిప్పుతుంది, దారంతా నిమ్మకాయ వాసన చూస్తూ కూర్చుంటుంది. శృంగవరపుకోట వచ్చాక పక్కకి చూశాను. నిమ్మకాయ ఒళ్లో పడి ఉంది, ఆవిడ నిద్రపోతోంది.