మరమ్మతుకు ముందు నకలు

సభకు నమస్కారం. అధ్యక్షులు నా గురించి చాలా చెప్పారు, నాకు మిగిల్చిన సమయం కొంచెమే. నేరుగా విషయంలోకి వస్తాను.

ఎన్నో ఫైళ్లను కుదించి ఒకటిగా కట్టిన బ్యాకప్ ఆర్కైవ్ తెరుచుకోకపోతే అంతా పోయిందనుకుంటారు. తొందరపడకండి. జిప్ అనే రకం ఆర్కైవ్‌లో విషయసూచిక చివర ఉంటుంది. కాపీ మధ్యలో ఆగితే పోయేది ఆ చివరే. సూచిక కనిపించక ప్రోగ్రామ్ ‘ఇది జిప్ కాదు’ అని మొండికేస్తుంది. నిజానికి లోపల ప్రతి ఫైల్ ముందూ దాని పేరుతో ఒక శీర్షం ఉంటుంది. అది ‘పీకే’ అనే అక్షరాలతో మొదలవుతుంది. అవి జిప్ రూపకర్త ఫిల్ కాట్జ్ పొడి అక్షరాలు. వాటిని పట్టుకుని వెతికితే తెగిన చోటు వరకూ ఉన్న ఫైళ్లు చాలావరకు చేతికొస్తాయి.

టార్ జీజిప్ అనే మరో రకం అలా కాదు. అన్నిటినీ ఒకే ధారగా కుదిస్తుంది. ప్రతి ముక్కా వెనకటి 32 కిలోబైట్లలో ఉన్నదాన్ని చూపించి ‘అదే ఇక్కడా’ అంటుంది. నడుమ కాస్త చెడితే ఆ తర్వాతిదంతా అల్లికలో పోగు తెగినట్టే. బీజిప్2 అనే కుదింపు పద్ధతి నయం. 900 కిలోబైట్ల లోపు దిమ్మెలుగా కుదిస్తుంది, ప్రతి దిమ్మె ముందూ 314159265359 అనే గుర్తు పెడుతుంది. అవును, గణితంలోని పై (π) విలువే! ఆ గుర్తులను బట్టి మంచి దిమ్మెలను విడదీసే పనిముట్టు దానితోనే వస్తుంది.

తర్వాత ముందుజాగ్రత్తల గురించి చెప్పాలనుకున్నాను. కానీ ఒక సంగతి చెప్పకుండా ఉండలేను. ఒక కార్యాలయంలో ఏళ్ల లెక్కలున్న డిస్క్ మొరాయించింది. తెలివైనవాడొకడు నేరుగా దాని మీదే మరమ్మతు ప్రోగ్రామ్ నడిపాడు. అది తనకు అర్థం కానివన్నీ ‘సరిదిద్దింది’. నా దగ్గరికి వచ్చేసరికి ఆర్కైవ్ పేరు మాత్రమే ఉంది, లోపలంతా సున్నాలు! అయ్యా, ముందు నకలు తీయండి. డీడీరెస్క్యూ అనే నకలు తీసే ప్రోగ్రామ్ చదవగలిగినదంతా మొదట తీసుకుని, మొరాయించే చోట్లకు తర్వాత వెళుతుంది. మరమ్మతు ఏదైనా నకలు మీదే. మళ్లీ చెబుతున్నాను, నకలు మీదే!

ఇంకొకటి. సీఆర్‌సీ, అంటే ఫైల్ చెడిందో లేదో సరిచూసే సంఖ్య, తప్పుందని చెబుతుంది కానీ దిద్దదు. ఆ మాట విని చాలామంది ఫైల్ పారేస్తారు. విన్‌రార్ అనే ఆర్కైవ్ ప్రోగ్రామ్‌లో చెడిన ఫైళ్లను కూడా ఉంచమనే ఎంపిక ఉంది, దాన్ని ఎంచుకోండి. వంద పేజీల పాఠంలో ఒక పేజీ చెడితే మిగతావి పనికిరావా? దిద్దడానికి వేరే ఏర్పాటుంది, పార్2. 1960 నాటి రీడ్-సాలమన్ అనే, తప్పులు దిద్దే గణితమే దానికి ఆధారం. ఆర్కైవ్ పరిమాణంలో పదో వంతు అదనంగా దాచుకుంటే, సుమారు అంత నష్టాన్నీ పూడుస్తుంది. అయితే దాన్ని ఆర్కైవ్ బాగున్నప్పుడే తయారుచేసుకోవాలి.

చీటీ వచ్చింది, ముగిస్తున్నాను. ముందు వరసలో పెన్‌డ్రైవ్ పట్టుకుని కూర్చున్న మిత్రమా, దాన్ని ఇప్పుడే దేనికీ తగిలించకండి. బయట మాట్లాడుకుందాం.